మడ అడవి చెక్కబాటకి పడవ మేస్త్రులు చేసిన రిపేరు

కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యం అంచున మా ఊరివాళ్లం చూసుకునే చిన్న చెక్కబాట ఒకటుంది. దాని చివర పిట్టల్ని చూడటానికి ఒక గది. రెండూ పాడైపోతే ఈమధ్య బాగు చేయించాం. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను కాబట్టి పని చూసే బాధ్యత నాకే అప్పగించారు. మన గోదావరి డెల్టాలో ఇలాంటి పని ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఇంతకుముందు చేసిన కాంట్రాక్టరు పేరు చెప్పను గానీ, మామూలు ఇనుప మేకులు కొట్టి వెళ్లిపోయాడు. రోజూ పోటుకి తడిసి, పాటుకి ఆరే చోట ఇనుము చాలా తొందరగా తుప్పుపడుతుంది. మేకుని తుప్పు తినేశాక పలక లేచిపోయింది. పిల్లలు నడిచే చోట అది చూస్తే నాకు కడుపు రగిలిపోయింది.

ఈసారి రేవులో పడవలు కట్టే మేస్త్రుల్ని పిలిచాం. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఆ చేతివాటం ఈ చుట్టుపక్కల ఇంకా మిగిలుంది. వాళ్లు రాగానే పైపలకల వంక చూడనే లేదు. బురదలోకి దిగి అడుగున దూలాలు తట్టి చూశారు. చేవ ఉన్నవి ఉంచేసి, మెత్తబడినవి తీసేసి నల్లతుమ్మ దూలాలు వేశారు. పైన టేకు పలకలు. పలకకీ పలకకీ మధ్య వేలు దూరేంత సందు వదిలారు. సందు లేకపోతే పెద్ద పోటు కింద నుంచి పలకల్ని ఎత్తేస్తుంది, వాననీరు నిలిచి చెక్క కుళ్లిపోతుంది.

బోల్టుల దగ్గర నేను పట్టుబట్టాను. స్టెయిన్‌లెస్ స్టీల్లో 304 రకం ఉప్పుగాలికి మచ్చలు పడుతుంది. 316లో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి ఉప్పుకి బాగా ఆగుతుంది. రేటు ఎక్కువే. అయినా అదే తెప్పించి, వాషర్లు కూడా అదే రకం వేయించాం. స్టెయిన్‌లెస్ బోల్టు కింద జీఐ (జింకు పూత పూసిన ఇనుము) వాషరు వేస్తే, ఉప్పునీళ్లలో ముందు ఆ వాషరే తుప్పుపట్టి పోతుంది. బోల్టు తలలు చెక్కలోకి దించి, పైన గుగ్గిలం, నూనె కలిపిన ముద్ద పెట్టారు. పడవకి పెట్టేదే అది. చెప్పుల్లేకుండా నడిచినా కాలికి ఏమీ తగలదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వాళ్లు చెట్ల దగ్గర చూపించిన జాగ్రత్త. మడచెట్లకి బురదలోంచి పైకి పొడుచుకొచ్చే ఊపిరి వేళ్లుంటాయి. వాటిని తొక్కేస్తే చెట్టుకి గాలాడదు. అందుకని బురద మీద తాటిపట్టెలు పరిచి, వాటి మీదే నిలబడి పనిచేశారు. బాటకి అడ్డొచ్చిన నల్లమడ కొమ్మని కొట్టేస్తారేమోనని నేను పరుగెత్తుకెళ్లాను. పెద్ద మేస్త్రి నవ్వి, "దాన్నెందుకు కొడతామండీ బాబుగారూ" అని పలకనే కొమ్మ చుట్టూ గుండ్రంగా కోసి అమర్చాడు. 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్లం మేము. గాలినీ అలనీ అడ్డుకునే ఈ చెట్ల విలువ మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

గది పని మాత్రం అంత బాగా రాలేదు. వీళ్లు చెక్కపని మనుషులు. సిమెంటు పనికి వేరే తాపీ మేస్త్రి వచ్చాడు. శ్లాబు అడుగున పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. ఉప్పు లోపలికి దిగి ఊచ తుప్పుపట్టి ఉబ్బితే కాంక్రీటు పగులుతుంది. తుప్పు గీకకుండా పైన పూత పూసేయబోతే ఆపించాను. పక్కన కాలవలో ఉప్పునీళ్లతో క్యూరింగ్ (కొత్త సిమెంటు గట్టిపడేదాకా తడుపుతూ ఉండటం) చేద్దామన్నాడు. దానికీ ఒప్పుకోక ట్యాంకరు మంచినీళ్లు తెప్పించాం. కిటికీ మీద సజ్జా ఇప్పటికీ పొట్టిగానే ఉంది, జల్లు లోపలికి కొడుతుంది. పిల్లల ఎత్తుకి సరిపడా కింద ఇంకో కిటికీ పెట్టించడం మాత్రం మంచి పని అయింది. సోలార్ లైటు అడవి వైపు వద్దని గుమ్మం దగ్గరే పెట్టించాను. రాత్రి వేటకి తిరిగే బావురుపిల్లికి వెలుతురెందుకు?

మేస్త్రులు రోజుకూలికే వస్తారు, అడుగుల లెక్కకి ఒప్పుకోరు. పోటు వచ్చిందంటే పని ఆగుతుంది, ఆ పూట కూలి మాత్రం ఇవ్వాలి. ఎస్టిమేటు కాగితం అడిగితే నోటిమాటే. కమిటీలో లెక్క చెప్పేవాళ్లకి దీంతో కొంచెం టెన్షనే, ఖర్చు రోజూ పుస్తకంలో రాసుకోండి. నేనైతే మళ్లీ వాళ్లనే పిలుస్తాను.

బోర్డు, కార్డు ఏమీ ఉండవు. రేవులో అడిగితే చూపిస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, బోట్లన్నీ రిపేరుకి ఒడ్డెక్కుతాయి. అప్పుడు ఒక్కరూ దొరకరు. సంక్రాంతి వెళ్లగానే మాట్లాడుకుని, చెక్క ముందే కొని ఆరబెట్టి ఉంచుకోండి.