మా చెల్లి కళ్ళకు లేజర్: దిల్‌సుఖ్‌నగర్‌లో చేయించాం

మా చెల్లిది ఫార్మా ల్యాబ్‌లో ఉద్యోగం. కళ్ళద్దాల మీద గాగుల్స్ పెట్టుకుని రోజంతా పని చేయడం నరకం. పవర్ మైనస్ 4 దాకా ఉంది, అద్దాలు పోయేలా లేజర్ చేయిద్దామనుకున్నాం.

హైటెక్ సిటీ వైపు ఒక ఆసుపత్రిలో ఫోన్‌లో రూ.40 వేలన్నారు. తీరా వెళ్తే అది ఒక్క కంటికి! స్కాన్‌లు, మందులు వేరే. అన్నీ కలిపితే లక్ష దగ్గరికొచ్చింది. ఆ దాపరికం నాకు అస్సలు నచ్చలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు కళ్ళకూ, పరీక్షలతో, తర్వాతి చెకప్‌లతో కలిపి రూ.65 వేలని కాగితం మీద రాసిచ్చారు. డాక్టరమ్మ కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) స్కాన్ స్క్రీన్ మీద పెట్టి, ఏ రంగు ఏం చెబుతుందో, పొర మందం ఎంతుందో వేలు పెట్టి మరీ చూపించారు. పొర పలచగా ఉంటే లేసిక్ (ఆ పొరను లేజర్‌తో సరిచేసే ఆపరేషన్) వద్దనే చెప్తారట. స్మైల్ అనే ఇంకో లేజర్ పద్ధతి ఖరీదెక్కువ, మీకు మామూలు లేసిక్ సరిపోతుందని ఆవిడే అన్నారు. అక్కడే మా టెన్షన్ సగం పోయింది.

డబ్బు మిగలాలంటే ముందు ఇన్సూరెన్స్ చూసుకోండి. పవర్ 7.5 కంటే తక్కువుంటే సాధారణంగా పాలసీలు ఈ ఖర్చు ఇవ్వవు, మాకూ రాలేదు. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో ఫోన్‌లోనే అడగండి, లేకపోతే కొలతలు తప్పొచ్చి మళ్ళీ రమ్మంటారు.

లోటల్లా వెయిటింగే. శనివారం మాత్రం వెళ్ళకండి.