నేలపట్టుకా, చంద్రగిరికా?

తిరుపతి చుట్టుపక్కల బడులు పిల్లలను ఒక రోజు విహారయాత్రకు తీసుకువెళ్లాలనుకున్నప్పుడు సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం, చంద్రగిరి కోట తప్పక చర్చకు వస్తాయి.

నేలపట్టు యాత్ర రుతువును బట్టి ఫలిస్తుంది. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండినప్పుడు గూడబాతులు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కడతాయి. తల్లిపక్షి సంచిముక్కులోకి పిల్ల తన తలంతా దూర్చి చేపను అందుకోవడం బైనాక్యులర్స్‌లో చూసిన విద్యార్థికి ఆహారపు గొలుసు పాఠం వేరుగా వల్లె వేయించనక్కరలేదు. అయితే వానలు తప్పిన ఏడాదిలోనో, వేసవిలోనో వెళితే ఆ దృశ్యం దక్కదు. పైగా అక్కడ నిశ్శబ్దంగా ఉండాలి, రెండు బస్సుల పిల్లలతో అది ఎంత కష్టమో ఉపాధ్యాయులకు తెలుసు.

చంద్రగిరికి రుతువుతో పని లేదు, శుక్రవారం మ్యూజియానికి సెలవని గుర్తుంచుకుంటే చాలు. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు, ఆపై ఇక్కడికి మారింది. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన రాజమహల్‌లో పిల్లలను నిలబెట్టి, దూలాలు లేని కప్పు ఎలా నిలిచిందని అడగవచ్చు. కానీ రాజవంశాల క్రమం తెలియని చిన్న తరగతుల వారికి అది పాత మేడగానే మిగులుతుంది.

కాబట్టి ఆరు, ఏడు తరగతులను జనవరిలో నేలపట్టుకు, ఎనిమిది, తొమ్మిది తరగతులను చంద్రగిరికి పంపడం మేలని నా అభిప్రాయం.