యుద్ధం బాండ్ల పాత పోస్టర్లు: అమెరికావి కొనడం మేలా, మన ఊళ్లో కాయితాలు వెతకడం మేలా?

నాణేలు, స్టాంపులు దాటి పాత కాయితాలు, పోస్టర్లు సేకరించేవాళ్లు ఈమధ్య మన వైపు కూడా కనిపిస్తున్నారు, అది చూస్తే నాకు నిజంగా సంతోషం. మొన్న మా మేనల్లుడు రాజాం నుంచి ఫోన్ చేసి "మామయ్యా, అమెరికావాళ్లు యుద్ధం టైంలో బాండ్లు కొనండని వేసిన పోస్టర్ ఒకటి ఆన్‌లైన్‌లో పెట్టారు, ఒరిజినలే అంటున్నాడు, తీసేసుకోనా?" అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే న్యూయార్క్‌లో ఉండి కొనేవాడి లెక్క వేరు, విజయనగరంలో శ్రీకాకుళంలో ఉండి మన జీతాల్లోంచి మిగిల్చి కొనేవాడి లెక్క వేరు. ముందే చెప్పేస్తున్నా, నా ఓటు మన దేశపు కాయితాలకే. అలాగని అమెరికా పోస్టర్లు తీసిపారేసేవి కావు, వాటి సంగతి తెలియకుండా వద్దనడం కూడా తప్పే కాబట్టి ముందు వాటి దగ్గరకే వెళ్దాం.

మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా 1917 ఏప్రిల్‌లో దిగింది, అదే నెలలో లిబర్టీ లోన్ చట్టం తెచ్చేశారు, అంటే బాండు అనే కాయితం ఇచ్చి జనం దగ్గర యుద్ధానికి అప్పు తీసుకునే చట్టం. 1918 అయ్యేలోపు నాలుగు లిబర్టీ లోన్లు, యుద్ధం ఆగాక 1919లో విక్టరీ లోన్ అని ఇంకోటి. అప్పటికి ఇళ్లల్లో రేడియో లేదు, జనానికి చెప్పాలంటే పేపరు, గోడ, మీటింగు, అంతే. అందుకని చార్లెస్ డానా గిబ్సన్ అనే పేరున్న ఇలస్ట్రేటర్‌ని పెట్టి ఒక విభాగమే నడిపారు, దేశంలో పెద్ద పెద్ద ఆర్టిస్టులు డబ్బు తీసుకోకుండా బొమ్మలు వేసి ఇచ్చారు. హోవార్డ్ చాండ్లర్ క్రిస్టీ, లెయెండెకర్, వీళ్లంతా అందులోవాళ్లే. నన్ను అడిగితే అన్నిట్లోకి జోసెఫ్ పెన్నెల్ 1918లో నాలుగో లిబర్టీ లోన్ కోసం వేసిన పోస్టర్ ఒక్కటి చాలు ఆ కాలం ఏంటో తెలియడానికి. న్యూయార్క్ రేవు మొత్తం తగలబడుతుంటుంది, ఎర్రటి నారింజ రంగు పొగలో పైన విమానాలు, ముందు లిబర్టీ విగ్రహం నిలబడి ఉంటుంది కానీ తల ఉండదు. తల తెగి కింద పడి ఉంటుంది. అప్పు అడగడానికి ఒక ప్రభుత్వం తన సొంత ఊరిని తనే బొమ్మలో తగలబెట్టి చూపించింది అంటే ఎంత భయం పెట్టాలనుకున్నారో చూడండి.

ఈ మొదటి యుద్ధం పోస్టర్లలో చాలావరకు లితోగ్రాఫులు, అంటే రాయి మీదో జింకు రేకు మీదో గీసి ఒక్కో రంగు విడివిడిగా అచ్చేసినవి. పదింతలు పెద్దగా చూపించే భూతద్దం పెట్టి చూస్తే రంగు క్రేయాన్‌తో రాసినట్టు గరుగ్గా, వరస లేకుండా కనిపిస్తుంది, లైన్లు కట్టినట్టు చుక్కలు ఉండవు. అది కళ్లారా చూస్తే ఆ ఆనందమే వేరు, ప్రింటవుట్‌లో ఎప్పటికీ రాదు. ఇబ్బంది ఎక్కడంటే పేరున్న ఆర్టిస్టుల పోస్టర్లకి రేటు బాగా ఎక్కువ, దానికి తోడు కొరియరు, కస్టమ్స్, దారిలో ట్యూబు నలిగిపోతుందన్న భయం. కాయితం కూడా నూరేళ్లు దాటింది, అప్పట్లో వాడిన చవక గుజ్జు కాయితం అంచులు పట్టుకుంటే అప్పడంలా విరిగిపోతాయి. దాన్ని బాగుచేయించాలంటే పేపర్ కన్జర్వేషన్ తెలిసినవాళ్లు కావాలి, అలాంటి పని మన రెండు జిల్లాల్లో దొరకడం కష్టం, దగ్గరలో ఫోటో ఫ్రేములు కట్టే షాపుకి ఇస్తే గమ్ము రాసి ప్లైవుడ్‌కి అంటించేస్తారు, ఇంక అంతే దాని పని.

రెండో యుద్ధం పోస్టర్లు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి కాస్త తేలిక. 1941 మే 1న 'సిరీస్ E' అనే బాండ్లు మొదలుపెట్టారు, మొదటి బాండు ప్రెసిడెంట్ రూజ్వెల్ట్‌కే అమ్మారు. 18.75 డాలర్లు పెడితే పదేళ్లకి 25 డాలర్లు, కూలివాడైనా కొనగలిగేట్టు. అందుకే పోస్టర్లలో కూడా ఇళ్లు, పిల్లలు, అమ్మలు ఎక్కువ. నార్మన్ రాక్‌వెల్ అనే ఆర్టిస్టు వేసిన నాలుగు స్వేచ్ఛల (మాట, మతం, లేమి లేకుండా, భయం లేకుండా బతకడం) బొమ్మలు 1943లో ముందు పత్రికలో వచ్చి, తర్వాత పోస్టర్లయ్యి, అసలు పెయింటింగులని ఊరూరా తిప్పితే 13 కోట్ల డాలర్ల పైనే బాండ్లు అమ్ముడయ్యాయి. 1945లో ఏడో వార్ లోన్‌కి జపాన్ దీవి ఇవో జిమాలో అమెరికా సైనికులు జెండా ఎత్తుతున్న ఫోటో ఆధారంగా సి.సి. బీల్ వేసిన పోస్టర్ కూడా అందరికీ తెలిసిందే. ఇవి పెద్ద సంఖ్యలో అచ్చయ్యాయి, చాలా మిగిలాయి, కాబట్టి మామూలు డిజైన్లు మొదటి యుద్ధం వాటికంటే అందుబాటులో దొరుకుతాయి.

కానీ నకిలీల గొడవ కూడా ఇక్కడే ఎక్కువ. ఏటంటే, వీటిలో చాలావాటిని అప్పుడే ఆఫ్‌సెట్‌లో, అంటే మెషిన్ మీద సన్న చుక్కలుగా అచ్చేశారు కాబట్టి ఒరిజినల్‌లో కూడా వరస చుక్కలు ఉంటాయి, భూతద్దం ఒక్కటే సరిపోదు. కింద మార్జిన్‌లో చిన్న అక్షరాల్లో గవర్నమెంట్ ప్రింటింగ్ ఆఫీస్ అని, సంవత్సరం, నంబరు ఉందా చూడాలి, ఆ లైన్ స్కాన్ చేసిన కాపీలో కూడా వచ్చేస్తుంది కాబట్టి అది ఉన్నంత మాత్రాన నమ్మేయకూడదు, లేకపోతే మాత్రం ఎందుకు లేదని గట్టిగా అడగాలి. అమ్మేవాడిని కొలతలు ఇంచీల్లో అడగండి, వెనకవైపు ఫోటో అడగండి. అప్పట్లో చాలా పోస్టర్లని మడిచి పోస్టులో పంపేవారు, కాబట్టి నిలువు అడ్డం మడత గీతలు ఉంటే కంగారు పడక్కర్లేదు. మడత దగ్గర సిరా నిజంగా అరిగి లోపల కాయితం పీచు కనిపిస్తుందా, లేక మడత బొమ్మలో భాగంగా అచ్చయిందా అన్నదే చూడాల్సింది, చేత్తో తడిమితే చెప్పేయొచ్చు, ఫోటోలో అయితే పక్కనుంచి లైటు వేసి తీయమనాలి. మా వాడికి చూపించిన పోస్టర్ వెనక తెల్లగా పాలలా మెరుస్తోంది, ఎనభై ఏళ్ల కాయితం అలా ఉండదురా, వదిలెయ్ అన్నాను.

ఇక గోడ మీద పెట్టుకుని చూసుకోవడమే కావాలంటే అసలు కొనక్కర్లేదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌వాళ్లు ఈ పోస్టర్లలో వందలకొద్దీ మంచి క్వాలిటీ స్కాన్లు నెట్‌లో ఉచితంగా పెట్టారు, మొదటి యుద్ధం నాటివి కాపీరైట్ గడువు దాటిపోయినవే. మంచి మ్యాట్ పేపర్ మీద ప్రింటు తీయించి అద్దం కట్టించుకోండి, హాల్లో ఎండ తగిలినా బాధ లేదు, పాడైతే ఇంకోటి తీయించుకోవచ్చు. ఒరిజినల్ కొని బీరువాలో దాచి మొబైల్‌లో ఫోటో చూసుకోవడం కంటే చాలామందికి ఇదే మేలు. ప్రింటుని ప్రింటనే చెప్పాలి, అంతే.

ఇప్పుడు మన సంగతి. ఇక్కడే నాకు ఆవేదన. పెన్నెల్ పోస్టర్ మీరు కొనకపోతే ఏమీ కాదు, ప్రపంచంలో ఎన్నో మ్యూజియాల్లో కాపీలు భద్రంగా ఉన్నాయి. మన దగ్గర యుద్ధం పేరు చెప్పి జనం దగ్గర అప్పు తీసుకున్న కాయితాలు ఎవరు దాచారు? మొదటి యుద్ధంలో 1917లో ఇండియా తరఫున 10 కోట్ల పౌండ్లు బ్రిటన్‌కి ఇస్తామన్నారు, అందుకోసమే ఇక్కడ వార్ లోన్ వేశారు, అదే ఏడాది పోస్టాఫీసుల్లో ఐదేళ్ల క్యాష్ సర్టిఫికెట్లు మొదలయ్యాయి. ఆ యుద్ధానికి మన దేశభాషల్లో వేసిన పోస్టర్లు కొన్ని లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి, చూడాలంటే అంత దూరం చూడాలి. రెండో యుద్ధంలో 1940 నుంచి డిఫెన్స్ బాండ్లు, డిఫెన్స్ సేవింగ్స్ సర్టిఫికెట్లు అమ్మారు, చేతిలో పది రూపాయలు లేనివాళ్లు చిల్లర స్టాంపులు కొని కార్డు మీద అంటించుకుని, కార్డు నిండాక సర్టిఫికెట్ తీసుకునేవారు. 1943లో పన్నెండేళ్ల నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్ వచ్చింది, పది రూపాయలు పెడితే చివరికి పదిహేను.

ఇదంతా ఎక్కడో ఢిల్లీ కథ అనుకోకండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులేశాయి, అప్పుడు విజయనగరం, శ్రీకాకుళం రెండూ విశాఖ జిల్లాలోవే. యుద్ధం మన గుమ్మం దాకా వచ్చిన రోజుల్లో మన తాతలు పోస్టాఫీసు కౌంటర్ దగ్గర నిలబడి పది రూపాయలు ఇచ్చి తీసుకున్న కాయితం అది. మిలటరీకి మనుషుల్ని పంపిన ఇళ్లు మన ఊళ్లల్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు, వాళ్ల ట్రంకు పెట్టెల్లో జీతం పుస్తకాలతో పాటు ఇవీ ఉంటాయి.

మా వీధిలో పాత పెంకుటిల్లు పడగొట్టినప్పుడు అటకమీద పెట్టె నుంచి అలాంటి పన్నెండేళ్ల సర్టిఫికెట్ ఒకటి నా చేతికొచ్చింది. నాలుగు మడతలు, మడత దగ్గర చిల్లు, పోస్టాఫీసు గుండ్రటి ముద్ర సగం చెదిరింది, పేరు మాత్రం నల్ల సిరాతో ఎవరో గుమాస్తా దస్తూరీలో చక్కగా ఉంది. డబ్బు తీసుకునేటప్పుడు సర్టిఫికెట్ తిరిగి ఇచ్చేయాలి కదా, అంటే ఈరోజు మనకి దొరికేవి చాలావరకు డబ్బు తీసుకోనివి. ఆ మనిషి మర్చిపోయాడో, పోయాడో, ఇంట్లోవాళ్లకి తెలియలేదో. అందుకే ఇవి తక్కువ దొరుకుతాయి, దొరికిన ప్రతిదాని వెనకా ఒక ఇంటి కథ ఉంటుంది. బొమ్మ అందం చూస్తే లిబర్టీ లోన్ పోస్టర్ ముందు ఇది నిలవదు, ఒప్పుకుంటా, కానీ ఈ సర్టిఫికెట్ ఇచ్చేసి ఆ పోస్టర్ తీసుకోమన్నా నేను తీసుకోను.

గోడ పోస్టర్లే కావాలని పట్టుబడితే మన దగ్గర కష్టం. గోడకి మైదా గమ్ముతో అంటించింది ఒక వానాకాలం దాటదు. అంటించకుండా మిగిలిన కాపీ ఏదైనా పాత స్కూలు బీరువాలోనో, కరణం గారి ఇంట్లో దస్త్రాల మధ్యనో ఉండాలి. అందుకని కళ్లు కొంచెం వెడల్పు చేసి చూడండి, ఆనాటి పత్రికల్లో పొదుపు సర్టిఫికెట్ల ప్రకటన పేజీలు, కరపత్రాలు, స్టాంపు కార్డులు, రసీదులు, అన్నీ ఇందులోకే వస్తాయి. తెలుగులో ఉన్నది దొరికితే రేటు గురించి ఎక్కువ ఆలోచించొద్దు. పాత పేపర్ల షాపులవాళ్లతో పరిచయం పెట్టుకోండి, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల అయినా, శ్రీకాకుళం ఏడు రోడ్ల దగ్గరైనా, బొబ్బిలి, పాలకొండ లాంటి పాత ఊళ్లల్లో అయినా, ఇల్లు ఖాళీ చేసినప్పుడు వచ్చే సరుకు కాటా ఎక్కేముందు ఒకసారి చూస్తానని చెప్పి ఉంచండి. కాటా రేటు కంటే ఎక్కువే ఇవ్వండి, వాళ్లే ఫోన్ చేసి పిలుస్తారు.

ఇందులోనే ఇంకో దారి ఉంది, స్వతంత్రం వచ్చాకవి. 1962లో చైనా యుద్ధం అప్పుడు జాతీయ రక్షణ నిధి, దాంతోపాటు 1977లో గడువు తీరే ఆరున్నర శాతం వడ్డీ గోల్డ్ బాండ్లు, మళ్లీ 1965లో 1980లో గడువు తీరే నేషనల్ డిఫెన్స్ గోల్డ్ బాండ్లు. మొదటిదాంట్లో బంగారం ఇస్తే డబ్బు లెక్కలో బాండు ఇచ్చారు, రెండోదాంట్లో గడువు తీరాక బంగారమే తిరిగిచ్చారు. ఆడవాళ్లు గాజులు తీసి ఇచ్చిన రోజులు అవి, ఇప్పటికీ గుర్తున్న పెద్దవాళ్లు బతికే ఉన్నారు. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే, కాయితం ఇంకా గట్టిగా ఉంటుంది, రేటు తక్కువ, పైగా అడిగితే కథ చెప్పే మనిషి ఎదురుగా ఉంటారు. ఆ మామ్మగారు చెప్పింది ఒక కాయితం మీద తేదీ వేసి రాసి బాండుతో పాటే పెట్టండి.

ఏది కొన్నా దాచడంలో మన వాతావరణమే పెద్ద శత్రువు. సముద్రపు తేమ, చెదలు, అక్టోబరు తుఫాన్లు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ అప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఇళ్లల్లో ఎంత కాయితం బూజు పట్టిందో అందరం చూశాం. లామినేషన్ మాత్రం ఎవరెంత చెప్పినా చేయించొద్దు, ఒకసారి చేస్తే ఇంక వెనక్కి రాదు. సెల్లోటేపు వద్దు, మైదా గమ్ము అసలే వద్దు, పురుగుని పిలిచి భోజనం పెట్టినట్టే. యాసిడ్ లేని కాయితాల మధ్య పెట్టి, పాలియెస్టర్ కవర్లో పూర్తిగా సీలు చేయకుండా ఒక పక్క వదిలి, నేలకి ఎత్తుగా, బయటి గోడకి దూరంగా ఉన్న స్టీలు బీరువాలో పడుకోబెట్టాలి. సిలికా జెల్ పొట్లాలు మార్చుతూ ఉండాలి. అమెరికా పోస్టర్లు చాలావరకు ముప్పై ఇంచీల దాకా పొడవు ఉంటాయి, అంత పెద్దది పరిచి దాచే సొరుగు ఎంతమంది ఇళ్లల్లో ఉంది? మన సర్టిఫికెట్లు, కార్డులైతే ఒక ఫైల్లో పట్టేస్తాయి.

చివరిగా ఒక విషయం, మన దగ్గర దొరికినవాటికి బయటి దేశంవాళ్లు ఎక్కువ ఇస్తామంటే తొందరపడకండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన, చరిత్ర విలువ ఉన్న పత్రాలు కూడా పురావస్తువుల కిందకి వస్తాయి, సొంతంగా దేశం దాటించడం కుదరదు. అమ్మాలంటే ఇక్కడే, దాచుకునే మనిషి చేతికే అమ్మండి. మా మేనల్లుడు ఆ పోస్టర్ డబ్బు ఖర్చు పెట్టలేదు, వాళ్ల వీధిలో రిటైరైన పోస్ట్‌మాస్టర్ గారింటికి వచ్చే ఆదివారం వెళ్తానన్నాడు, నేనూ వెళ్తున్నా.