పెద్ద టీమ్ ఎదురైతే ఏది మేలు: బస్సు అడ్డం పెట్టడమా, మధ్యలోనే ఆపడమా?

ఫుట్‌బాల్‌లో ఇండియా ఏ పెద్ద టీమ్‌తో ఆడినా మర్నాడు నా ఫోన్‌కి వచ్చే ప్రశ్నలు రెండే. "అన్నా, పదిమందినీ డీలో, గోల్ ముందు పెనాల్టీ బాక్స్‌లో, నిలబెట్టేస్తే డ్రా అయినా దక్కేది కదా?" అని ఒకరు. "అంత భయమెందుకన్నా? 2022 వరల్డ్‌కప్‌లో సౌదీవాళ్లు అర్జెంటీనా మీదికి పోలేదా?" అని ఇంకొకరు. 2025లో ఖాలిద్ జమీల్ కోచ్‌గా వచ్చిన కొత్తలో, తజికిస్థాన్‌లో కాఫా (మధ్య ఆసియా) నేషన్స్ కప్ ఆడుతూ ఇరాన్ చేతిలో 0-3తో ఓడినప్పుడైతే రెండు పక్షాలూ అదే మ్యాచ్‌ని సాక్ష్యంగా చూపించి కొట్టుకున్నాయి. హాఫ్‌టైమ్ దాకా 0-0. తర్వాత ఒకటి పడింది. మిగతా రెండూ 89వ నిమిషంలో ఒకటి, ఇంజురీ టైమ్‌లో ఒకటి. "చూశావా, ఎంతసేపు ఆపారో" అంటాడు వీడు. "చూశావా, చివరికి ఏమైందో" అంటాడు వాడు. ఇద్దరూ చెప్పేది నిజమే, అదే చిక్కు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు బస్సు సంగతి, అంటే అందరూ గోల్ ముందు అడ్డంగా నిలబడి ఆపడం.

దీన్ని పిరికి ఆట అని కొట్టిపారేసేవాళ్లంటే నాకు చిరాకు. ఐదుగురు వెనక, వాళ్ల ముందు నలుగురు, రెండు వరసల మధ్య ఎదుటివాడు తిరగడానికి సందు లేకుండా మ్యాచ్ మొత్తం నిలబడటం అంత తేలికేం కాదు. సరిగ్గా చేస్తే ఎంతటివాడికైనా చెమటలు పడతాయి. 2014 వరల్డ్‌కప్‌లో కార్లోస్ కెయిరోజ్ కోచింగ్‌లో ఇరాన్ అర్జెంటీనాను తొంభై నిమిషాలూ ఆపింది. ఇంజురీ టైమ్‌లో మెస్సీ ఎడమకాలి షాట్ ఒక్కటే తేడా. 2018లో ఐస్‌లాండ్ అదే అర్జెంటీనాతో 1-1 చేసుకుంది, మెస్సీ పెనాల్టీని వాళ్ల గోల్‌కీపర్ హాల్డార్సన్ ఆపేశాడు.

మన దగ్గర బస్సు పక్షంవాళ్లు ఎప్పుడూ ఎత్తే పేరు దోహా. 2019 సెప్టెంబర్ 10. మన కెప్టెన్, స్ట్రైకర్ ఛెత్రి జ్వరంతో ఆడలేదు. ఎదురుగా ఏడు నెలల కిందటే ఫైనల్లో జపాన్‌ను 3-1తో ఓడించి ఏషియన్ కప్ ఎత్తుకున్న ఖతార్. ఇరవైకి పైగా షాట్లు కొట్టారు. మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఒక్కటీ లోపలికి పోనివ్వలేదు. 0-0. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధం కాదు.

కానీ ఆ మ్యాచ్‌ని బస్సు ఖాతాలో వేసేవాళ్లు ఇంకోసారి చూడాలి. ఆ రోజు మనవాళ్లు బంతి దొరికినప్పుడల్లా గాల్లోకి తన్నేయలేదు. మిడ్‌ఫీల్డర్లు సహల్, థాపా కాళ్ల మీదుగా చిన్న చిన్న పాస్‌లతో బయటికి తెచ్చారు. రెండో హాఫ్‌లో వింగర్ ఉదాంత కొట్టిన షాట్ కొద్దిలో తప్పింది, లోపలికి పోయుంటే ఈ దేశంలో ఫుట్‌బాల్ కథే ఇంకోలా ఉండేదేమో. అంతకు ఐదు రోజుల ముందు గువాహటిలో ఒమన్ మీద 1-0తో ముందున్నాం. అక్కణ్నుంచి వెనక్కి, ఇంకా వెనక్కి జరుగుతూ పోయి చివరి పది నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చుకున్నాం. రెండు మ్యాచ్‌లకీ కోచ్ స్టిమాచే. ఆటగాళ్లూ చాలావరకు వాళ్లే. తేడా ఎక్కడుంది?

దీనికి జవాబు నాకు టీవీలో దొరకలేదు. కాలేజీలో నేను స్టాపర్‌ని, అంటే గోల్ ముందు మధ్యలో నిలబడే డిఫెండర్‌ని. హైదరాబాద్‌లో ఒక టోర్నమెంట్, ఎర్రమట్టి గ్రౌండ్. ఎదురుగా ఒక డిపార్ట్‌మెంట్ టీమ్. వయసులో, బలంలో, ఆటలో అన్నిట్లో మాకన్నా పైన. మా సార్ "ఎవ్వడూ డీ దాటొద్దురా" అన్నారు. దాటలేదు. హాఫ్‌టైమ్‌కి 0-0. గ్లూకోజ్ నీళ్లు తాగుతూ మ్యాచ్ గెలిచేసినట్టు నవ్వుకున్నాం. రెండో హాఫ్ మొదలైంది. నేను తలతో కొడతాను, బంతి వెళ్లి ముప్పై గజాల అవతల వాళ్ల హాఫ్‌బ్యాక్ కాళ్ల దగ్గరే పడుతుంది, నేను ఊపిరి పీల్చుకునేలోపు కుడివైపు నుంచి మళ్లీ క్రాస్. మళ్లీ తల. మళ్లీ వాడికే. ఒక దశలో నా జోడీ స్టాపర్ గోల్‌పోస్ట్ పట్టుకుని నిలబడి "బంతి ఎటుందిరా?" అని నన్ను అడిగాడు. బంతి వాడి ఎదురుగానే ఉంది. 4-0.

అప్పుడు అర్థమైంది, కాళ్లకన్నా ముందు చూపు అలిసిపోతుంది. బంతి అటూ ఇటూ మారిన ప్రతిసారీ మెడ తిప్పి వెనక ఎవడున్నాడో చూసుకోవాలి. అరవై సార్లు చూసినవాడు అరవై ఒకటోసారి చూడడు. గోల్ ఆ ఒక్కసారే పడుతుంది. చివరి పావుగంటలో మనం తినే గోల్స్‌కి "ఫిట్‌నెస్ లేదు" అనేస్తారు గానీ నేనైతే సగం తప్పు ఇక్కడే ఉందంటాను. డిఫెండర్‌కి మ్యాచ్‌లో విశ్రాంతి దొరికేది ఒక్కటంటే ఒక్క సందర్భంలో: బంతి తన టీమ్ కాళ్ల దగ్గర ఉన్నప్పుడు. కనీసం ముప్పై సెకన్లు. అది లేకపోతే వెనక ఐదుగురున్నా ఏడుగురున్నా ఒకటే.

పైగా ఇప్పుడు ఐదు సబ్‌స్టిట్యూషన్లు వచ్చాయి. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ బస్సు పెట్టేవాళ్లకి పెద్ద దెబ్బ. 2024 జనవరిలో ఏషియన్ కప్‌లో ఆస్ట్రేలియాను హాఫ్‌టైమ్ దాకా 0-0తో ఆపాం. 50వ నిమిషంలో ఇర్విన్ ఒకటి కొట్టాడు. 73వ నిమిషంలో రెండోది కొట్టిన జోర్డన్ బాస్ అప్పుడే బెంచ్ మీంచి దిగాడు, ఇంకా చెమట కూడా పట్టలేదు. మనవాళ్లేమో అప్పటికి గంటకు పైగా బంతి వెనక పరిగెత్తి ఉన్నారు. పెద్ద టీమ్ బెంచ్ మీద కూర్చునేది కూడా పెద్ద ఆటగాళ్లే కదా.

ఇక నేను మొగ్గేది రెండోదానికి. కోచ్‌లు మిడ్ బ్లాక్ అంటారు. సెంటర్ సర్కిల్ దగ్గర స్ట్రైకర్ నిలబడతాడు. ఎదుటి స్టాపర్లు తమలో తాము ఎన్ని పాస్‌లు ఇచ్చుకున్నా పట్టించుకోం. కానీ మధ్యదారి మూసేస్తాం. బంతి పక్కకి పోగానే ఇద్దరు ముగ్గురు కలిసి గీత దగ్గర నొక్కేస్తాం. బంతి దొరికితే మన గోల్‌కి ముప్పై నలభై గజాల దూరంలో దొరుకుతుంది. అక్కణ్నుంచి ముందుకి ఒక పాస్ ఇవ్వొచ్చు. డీలోంచి ఇవ్వలేం, తన్నడమే.

2022 వరల్డ్‌కప్‌లో కోచ్ వలీద్ రెగ్రాగుయ్ మొరాకో చేసింది ఇదే. సెమీఫైనల్‌కి చేరేదాకా వాళ్లకి పడింది ఒకే ఒక్క గోల్, అదీ కెనడా మీద సొంత ఆటగాడి కాలికి తగిలి పోయింది. స్పెయిన్ 120 నిమిషాలు పాస్‌లు ఇచ్చుకుంటూనే ఉంది. గోల్ రాలేదు, పెనాల్టీల్లో గోల్‌కీపర్ బూనూని దాటి ఒక్కటీ పోలేదు. అందరూ మిడ్‌ఫీల్డర్ అమ్రాబత్ పరుగుల గురించి మాట్లాడారు, న్యాయమే. నాకు మాత్రం గుర్తుండిపోయింది బూఫాల్, ఊనాహి. బంతి దొరకగానే బూఫాల్ దాన్ని కాలికి అతికించుకుని ఎడమ గీత దగ్గర ఇద్దరిని తన చుట్టూ తిప్పేవాడు. ముందుకి పెద్దగా పోయేవాడు కాదు. ఒక ఫౌల్ తెచ్చుకునేవాడు, లేదా ఒక త్రో. ఆ కాసేపట్లో వెనక నలుగురు డిఫెండర్లు నడుం మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకునేవారు. స్కోర్‌కార్డ్‌లో అది ఎక్కడా కనిపించదు.

సెమీస్‌లో ఫ్రాన్స్ మీద వాళ్లు వెనక ఐదుగురితో మొదలుపెట్టారు. ఐదో నిమిషంలో గోల్ పడింది. పూర్తిగా కోలుకోని కెప్టెన్ సైస్ 21వ నిమిషంలో బయటికి వెళ్లాక మళ్లీ నలుగురికి మారారు, ఆ తర్వాత ఫ్రాన్స్‌ని చాలాసేపు వణికించారు. ఒక్క మ్యాచ్‌ని పట్టుకుని సిద్ధాంతం కట్టకూడదు, ఒప్పుకుంటాను. అయినా మా బస్సు మిత్రులు ఈ మ్యాచ్ పేరెత్తగానే టాపిక్ మార్చేస్తారు.

దీనికీ లోపం ఉంది. వెనక కాస్త చోటు మిగులుతుంది కాబట్టి పైనుంచి వేసిన ఒక్క పొడుగు బంతి కొంప ముంచుతుంది. 2024 నవంబర్‌లో గచ్చిబౌలిలో మలేసియాతో 1-1 అయిన మ్యాచ్‌లో మనం తిన్న గోల్ అలాంటిదే. పొడుగు బంతి, ముందుకొచ్చేసిన గోల్‌కీపర్, వెనక ఖాళీ గోల్. మలేసియా మనకన్నా అంత పెద్ద టీమేమీ కాదు. అదే ఏ ఇరానో జపానో అయితే ఆ చోటుని మ్యాచ్ అంతా వెతుక్కుంటారు.

మూడోది సౌదీ దారి. 2022 నవంబర్ 22, వరల్డ్‌కప్, ఖతార్‌లోని లుసైల్. సౌదీ కోచ్ ఎర్వే రెనార్డ్ డిఫెన్స్ లైన్‌ని దాదాపు సెంటర్ దాకా జరిపేశాడు. మొదటి హాఫ్‌లోనే అర్జెంటీనా ఏడుసార్లు ఆఫ్‌సైడ్‌లో (పాస్ వేసేసరికే డిఫెన్స్ లైన్ దాటి ఉండి) దొరికింది, కొట్టిన మూడు గోల్స్ రద్దయ్యాయి. తర్వాత సౌదీని 2-1తో గెలిపించిన షెహ్రి, దవ్‌సరి గోల్స్ చాలామందికి నోటికొచ్చే ఉంటాయి. అద్భుతమే. కానీ సౌదీ టీమ్‌లో చాలామంది ఒకే క్లబ్, అల్ హిలాల్‌లో రోజూ కలిసి ఆడేవాళ్లు. ఒకడు అడుగు ముందుకేస్తే మిగతా ముగ్గురూ చూడకుండానే వేస్తారు. పైగా అక్కడ వీఏఆర్ (వీడియో చూసి రెఫరీ తప్పులు దిద్దే పద్ధతి) ఉంది, ఆఫ్‌సైడ్‌ని అంగుళాల్లో కొలిచే కెమెరాలు ఉన్నాయి. మనం ఆడే క్వాలిఫయర్ రౌండ్‌లో అవి ఉండవు. 2024 జూన్‌లో దోహాలో ఖతార్ మీద 1-0తో ముందున్నప్పుడు, గీత దాటి బయటికి పోయిన బంతిని లోపలికి లాగి గోల్ కొడితే రెఫరీ ఇచ్చేశాడు. గీత దాటిన బంతినే చూడని చోట, సగం అడుగు ఆఫ్‌సైడ్ మీద మన బతుకు ఆధారపెట్టుకుందామా? తర్వాతి రెండు మ్యాచ్‌లూ సౌదీ ఓడిపోయిందని కూడా గుర్తుంచుకోవాలి.

మనిషికి మనిషిని అంటగట్టే పద్ధతి గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. 2004లో గ్రీస్ దాంతో యూరో గెలిచింది. ఇప్పటి వేగానికి అది కుదరదు, అంతే. 2022 వరల్డ్‌కప్‌లో జపాన్‌లా హాఫ్‌టైమ్‌లో పద్ధతి మార్చేయడం చూడముచ్చటగా ఉంటుంది గానీ దానికి జపాన్ ఆటగాళ్లు కావాలి.

అయితే నా లెక్క ప్రకారం మధ్యలో ఆపి, బంతిని ముందు కాసేపు నిలబెట్టాలి. మరి నిలబెట్టేదెవరు? వాదన ఇక్కడికొచ్చేసరికి నా గొంతు కూడా తగ్గుతుంది. మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ముందు నిలబడే ఆ చోటు క్లబ్బులు ఎక్కువగా విదేశీయుడికే ఇస్తూ వచ్చాయి. 2021-22లో మానోలో మార్కెజ్ కోచ్‌గా హైదరాబాద్ ఎఫ్‌సీ కప్ గెలిచిందంటే, ముందు స్ట్రైకర్ ఒగ్బెచే స్టాపర్‌ని వీపుతో ఆపి బంతిని పట్టి ఉంచేవాడు కాబట్టి. ఆ సీజన్‌లో 18 గోల్స్ కూడా కొట్టాడనుకోండి. అదే మానోలో ఇండియా కోచ్ అయ్యాక, ఇండియా టీమ్ నుంచి రిటైరైన ఛెత్రిని నలభై ఏళ్ల వయసులో మళ్లీ పిలవాల్సి వచ్చింది. ఒగ్బెచే పని చేసే కుర్రాడు మనకి దొరకనంతకాలం మిడ్ బ్లాక్ కూడా గంట దాటాక మెల్లగా బస్సైపోతుంది. ఇరాన్ మ్యాచ్ ఆఖర్లో చూసింది అదే.

మా సార్ పాత సికింద్రాబాద్ మనిషి. ఒకప్పటి ఇండియా కోచ్ రహీమ్ సాబ్ కథలు చెప్పకుండా ఆయన ప్రాక్టీస్ ముగిసేది కాదు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్టాపర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీమ్ సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. జర్నైల్ సెమీస్‌లోనూ ఫైనల్లోనూ గోల్ కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి గోల్డ్ తెచ్చారు. 4-0తో తుక్కయిన మరుసటేడు అదే టోర్నమెంట్‌లో అదే డిపార్ట్‌మెంట్ టీమ్ మళ్లీ మాకే పడింది. సార్‌కి ఆ కథ గుర్తొచ్చినట్టుంది. గోల్‌పోస్ట్ పట్టుకుని నిలబడ్డ నా జోడీగాడిని తీసుకెళ్లి ముందు నిలబెట్టారు. వాడికి గోల్ కొట్టడం రాదు, పరుగూ అంతంతే. కానీ వాడి వీపు తలుపంత ఉంటుంది. నేను బంతిని వాడి మీదికి వేస్తే చాలు, ఇద్దరు వచ్చి తోసినా వదిలేవాడు కాదు. కిందపడేవాడు, ఫ్రీకిక్ వచ్చేది, లేదంటే త్రో. ఆలోపు మేం నీళ్ల సీసా కూడా అందుకునేవాళ్లం. రెండో హాఫ్‌లో ఒక కార్నర్ మీద గోల్ పడింది, 1-0తోనే ఓడాం. మ్యాచ్ అయ్యాక వాడు జెర్సీ విప్పి నా చేతికిచ్చాడు. వీపు మీద నంబర్ కనిపించలేదు, అంతా ఎర్రమట్టి చేతి ముద్రలే.