ఫైర్‌ఫాక్స్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

హనుమకొండలో దరఖాస్తులు నింపి ప్రింటు తీసిచ్చే చిన్న దుకాణం నాది. పాత కంప్యూటర్లు, వాటిలో విండోస్ బదులు లినక్స్, దాని మీద ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు. ఏళ్లుగా ఇదే నడుస్తోంది. వేగం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, పని ఆగదు. ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ ఇందులో పూర్తిగా పనిచేస్తుంది. గూగుల్ బ్రౌజరు క్రోమ్‌లో మానిఫెస్ట్ వీ3 (ఇలాంటి జోడింపు ప్రోగ్రాములకు పెట్టిన కొత్త నియమాలు) వచ్చాక దాని కుదించిన రూపమే మిగిలింది. భద్రత కోసమే ఈ మార్పు అని ప్రకటనల మీద బతికే సంస్థ చెబితే నాకైతే నమ్మబుద్ధి కాదు.

చిక్కంతా తనిఖీ పేజీలతోనే. పరీక్ష ఫీజుకు చివరి రోజు. పరకాల నుంచి వచ్చిన అమ్మాయి పక్కనే కూర్చుంది. చెల్లింపు పేజీ ‘మీరు మనిషేనా’ అని అడిగింది. ట్రాఫిక్ సిగ్నళ్లున్న గళ్లన్నీ నొక్కాం, మళ్లీ కొత్త బొమ్మలు వచ్చాయి. ‘అన్నా, నన్ను మనిషి కింద లెక్కపెట్టదా?’ అని నవ్వింది. ఆమె ఫోనులో అదే పేజీ ఏమీ అడగకుండా తెరుచుకుంది. ఇద్దరిలో రోబో ఎవరో!

అందుకే 2023లో గూగుల్ ఇంజినీర్లు తెచ్చిన ‘వెబ్ ఎన్విరాన్‌మెంట్ ఇంటిగ్రిటీ’ ప్రతిపాదన నాకు గుబులు పుట్టించింది. మీ యంత్రం, బ్రౌజరు నమ్మదగినవేనని మరొకరు సంతకం చేసిన టోకెన్ (డిజిటల్ ధ్రువీకరణ చీటీ) ఇస్తారు, సైటు దాన్ని చూసి నిర్ణయించుకుంటుంది. నా లినక్స్‌కు ఆ సంతకం ఎవరు పెడతారు? వెబ్‌ను మూసే ఉద్దేశం లేదన్నారు. ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా సహా చాలామంది వ్యతిరేకించాక ఆ నవంబరులో విరమించుకున్నారు. అయితే దాదాపు అలాంటి టోకెన్లనే ఆపిల్ 2022లోనే తన పరికరాల్లోకి తెచ్చేసింది. ఇక మాట నిలకడ అంటారా, థర్డ్ పార్టీ కుకీలను (ఒక సైటులో ఉన్నప్పుడు వేరే సంస్థలు మన మీద నిఘాకు వాడే చిన్న ఫైళ్లను) క్రోమ్ నుంచి రెండేళ్లలో తీసేస్తామని గూగుల్ 2020లో చెప్పింది. వాయిదాల మీద వాయిదాలు వేసి 2024లో ఆ ఆలోచనే మానుకుంది.

మొజిల్లాను కూడా కళ్లు మూసుకుని నమ్మను. దాని రాబడిలో అధిక భాగం ఫైర్‌ఫాక్స్‌లో గూగుల్ సెర్చ్‌నే ముందుగా ఉంచే ఒప్పందం నుంచే వస్తుంది. మీ సమాచారాన్ని ఎన్నడూ అమ్మబోమన్న వాక్యాన్ని 2025 ఫిబ్రవరిలో తన పేజీలోంచి తొలగించింది కూడా. ఒక నక్షత్రం కోసింది అందుకే: ఐదుకు నాలుగు. ఫీజుల కోసం క్రోమియం (క్రోమ్‌కు మూలమైన బ్రౌజరు) కూడా పెట్టుకోండి, గడువు రోజున సిద్ధాంతాలు పనికిరావు.