ఫిష్ ట్యాంక్ అడుగున ఇసుక మేలా, గులకరాళ్లు మేలా?

కొత్తగా ట్యాంక్ కొనేవాళ్లలో చాలామంది అడుగున ఏం వేయాలో అసలు ఆలోచించరు. గాజు పెట్టె, మూత, లైటు, ఎయిర్ పంపు, రెండు ప్లాస్టిక్ మొక్కలు, వాటితో పాటే నీలం, గులాబీ రాళ్ల సంచి కూడా షాపువాళ్లే చేతిలో పెట్టేస్తారు. ఇంటికొచ్చి రాళ్లు పరిచి నీళ్లు పోసేస్తాం. ఫిల్టర్ నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు, లైటూ అంతే. చేపలు తిరుగుతున్న ట్యాంకులో అడుగు మార్చడం మాత్రం పెద్ద పని. అందుకని ఈ ఒక్కటి ముందే తేల్చుకుంటే మంచిది.

నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను. మామూలు ఇంట్లో, హాల్లో పెట్టుకునే రెండడుగుల ట్యాంకుకి ఇసుకే. కానీ అండర్‌గ్రావెల్ ఫిల్టర్ (అడుగు రాళ్ల గుండానే నీళ్లని వడకట్టేది) ఉన్నవాళ్లకి, కొన్ని రకాల పెద్ద చేపలు పెంచేవాళ్లకి ఈ మాట వర్తించదు. పైగా ఏ ఇసుక పడితే ఆ ఇసుక పనికిరాదు. ఆ సంగతి కిందకి వస్తాను.

ముందు సైజుల లెక్క. రేణువు 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఇసుక, దాటితే గ్రావెల్. షాపుల్లో దొరికే గ్రావెల్ ఎక్కువగా 2 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది, ఇంకా పెద్ద గులకరాళ్లూ అమ్ముతారు. ఇసుకలో ట్యాంకుకి బాగా నప్పేది అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా, అంటే దాదాపు ఉప్మా రవ్వంత. అంతకన్నా బాగా సన్నగా ఉంటే అడుగున గట్టిగా బిగుసుకుపోతుంది, చేప తోక ఆడించినప్పుడల్లా పైకి లేస్తుంది.

ఇసుక బరువెక్కువ, గాజు తట్టుకోదేమో అని కొందరికి టెన్షన్. నిజానికి ఈ రెండింటి బరువు దాదాపు ఒకటే, లీటరుకి కిలోన్నర పైచిలుకు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న ట్యాంకులో 5 సెంటీమీటర్ల మందాన పరిస్తే 9 లీటర్లు పడుతుంది, అంటే సుమారు 14 కిలోలు. ఇసుకైనా అంతే, గ్రావెలైనా అంతే. ఇసుకని 3 సెంటీమీటర్ల మందంతో సరిపెట్టుకోవచ్చు కాబట్టి చివరికి దాని బరువే తగ్గుతుంది.

మురికి ఎక్కడికి పోతుంది?

అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. గ్రావెల్ రాళ్ల మధ్య సందులు పెద్దవి. చేప తినగా మిగిలిన గింజ, చేప మలం, రాలిన ఆకుముక్క ఆ సందుల్లోంచి జారి కిందకి పోతాయి. పైనుంచి చూస్తే ట్యాంకు శుభ్రంగా కనిపిస్తుంది. కింద మాత్రం కుళ్లుతూనే ఉంటుంది. కుళ్లిన తిండి చేపలకి విషమైన అమ్మోనియా అవుతుంది, దాన్ని బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మురికి మోతాదు మించితే బ్యాక్టీరియా అందుకోలేదు. "నీళ్లు తేటగానే ఉన్నాయండీ, చేపలెందుకు చచ్చిపోతున్నాయో అర్థం కావట్లేదు" అనేవాళ్ల ట్యాంకులో సైఫన్ గొట్టం (అడుగు మురికిని నీళ్లతో పాటు బయటికి లాగే పైపు) గ్రావెల్లోకి దింపి చూడండి, గోధుమరంగు మడ్డి ఒక్కసారిగా పైకి లేస్తుంది.

ఇసుకలో సందులు చాలా చిన్నవి, మురికి లోపలికి దిగదు. పైనే పడి ఉంటుంది, కళ్లకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇదే ఇసుకకున్న చెడ్డపేరు కూడా, "ఎప్పుడు చూసినా మురికిగా కనిపిస్తుంది" అని. నాకైతే ఇదే దాని మంచి గుణం. పొద్దున వేసిన తిండి సాయంత్రానికీ అలాగే పడి ఉంటే, ఎక్కువ వేస్తున్నామని ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. పిల్లలూ పెద్దలూ పోటీపడి తిండి వేసే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

శుభ్రం చేసే తీరు కూడా వేరు. గ్రావెల్లో సైఫన్ లావు మూతిని అడుగుదాకా గుచ్చాలి. రాళ్లు గొట్టంలో కొంత ఎత్తు లేచి మళ్లీ పడిపోతాయి, మడ్డి మాత్రం నీళ్లతో బకెట్లోకి పోతుంది. ఇలా ట్యాంకంతా గుచ్చుకుంటూ పోవాలి, అలంకరణ రాళ్లూ బొమ్మలూ జరిపి మరీ. ఇసుక మీదైతే గొట్టాన్ని రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుని మెల్లగా తిప్పితే చాలు. కాస్త ఇసుక కూడా వచ్చేస్తుంది, దాన్ని బకెట్లోనే కడిగి తిరిగి వేసేయొచ్చు.

దీనికి మన ఎండాకాలం కూడా తోడవుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకి దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు 30 దాటడం మామూలే. ఉన్న కాస్త ఆక్సిజన్లో అడుగున కుళ్లే మడ్డి కూడా వాటా అడుగుతుంది, వేడికి ఆ కుళ్లడం ఇంకా జోరందుకుంటుంది. ఆ సమయంలో రెండు గంటలు కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగిపోతే, మడ్డి పేరుకున్న ట్యాంకులో చేపలు ముందుగా పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. వారం వారం శ్రద్ధగా గ్రావెల్ కడిగేవాళ్లకి ఈ గొడవ లేదు. అలా కడిగేవాళ్లు ఎంతమంది అన్నదే ప్రశ్న.

చేపని బట్టి

గప్పీ, మోలీ, ప్లాటీ, టెట్రా, ఏంజెల్ లాంటివి నీళ్ల మధ్యలో, పైన తిరిగేవి. అడుగున ఏముందో వాటికి పట్టదు. మీ ట్యాంకులో ఇవే ఉంటే చేపల వైపు నుంచి పేచీ లేదు.

కోరీలు (కోరిడోరాస్) మాత్రం ఇసుక చేపలు. దక్షిణ అమెరికా నదుల్లో ఇసుకలో ముక్కు దూర్చి, నోటినిండా తీసుకుని, తిండి ఏరుకుని, మిగిలిన ఇసుకని మొప్పల్లోంచి వదిలేస్తాయి. వాటిని గ్రావెల్ మీద వదిలితే రాళ్ల పైన తిరుగుతూ సందుల్లో పడ్డ తిండిని అందుకోలేక అవస్థ పడతాయి. వాటి మీసాలు అరిగిపోవడానికి కారణం రాళ్ల పదునని కొందరు, అడుగు మురికిలోని బ్యాక్టీరియా అని కొందరు అంటారు. ఎవరి మాట నిజమైనా ఇసుకే దిక్కు. కూలీ లోచ్ కూడా అంతే, అది ఏకంగా ఇసుకలో దూరి పడుకుంటుంది.

గోల్డ్ ఫిష్ సంగతి జాగ్రత్తగా చూడాలి. అది రోజంతా అడుగు కెలుకుతుంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది. నోటికి సరిగ్గా పట్టే సైజు గ్రావెల్ గొంతులో ఇరుక్కోవడం దీనికి తరచూ వచ్చే ప్రమాదం. ఇసుకైతే జారిపోతుంది. లేదంటే నోట్లో పట్టనంత పెద్ద గుండ్రాళ్లు వేయాలి. షాపుల్లో గోల్డ్ ఫిష్‌తో కలిపి అంటగట్టేది మాత్రం సరిగ్గా ఆ మధ్య సైజు రంగురాళ్లనే.

ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ పెంచేవాళ్లకి నా సలహా: రెండూ వద్దు. ఈ చేపలు అడుగంతా తవ్వి గుట్టలు పోస్తాయి, తిండీ ఎక్కువ, మలమూ ఎక్కువ. ఉత్త గాజు అడుగే నయం. చూడ్డానికి బోసిగా ఉంటుంది కానీ సైఫన్ పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

గ్రావెల్ గెలిచే చోటు

అండర్‌గ్రావెల్ ఫిల్టర్ అంటే కొత్తవాళ్లకి తెలియకపోవచ్చు. అడుగున చిల్లుల ప్లాస్టిక్ పలక, దాని మూలల్లో నిలువు గొట్టాలు, వాటిలోకి ఎయిర్ పంపు గాలి. గాలి బుడగలు పైకి లేస్తూ నీళ్లని లాగుతాయి, ఆ నీళ్లు గ్రావెల్ గుండా కిందకి దిగుతాయి. రాళ్ల మీద పెరిగే బ్యాక్టీరియానే ఇక్కడ ఫిల్టర్. చవక, చెడిపోయే మోటారు లేదు. దీని మీద ఇసుక వేస్తే చిల్లుల్లోంచి జారి పలక కింద నిండిపోతుంది, నీళ్ల దారి మూసుకుపోతుంది. ఇది ఉన్నవాళ్లు 3 నుంచి 5 మిల్లీమీటర్ల గ్రావెల్ ఐదారు సెంటీమీటర్ల మందాన వేసుకోవాల్సిందే, వేరే మాట లేదు.

గ్రావెల్ మీద బ్యాక్టీరియా ఎక్కువ పెరుగుతుంది కాబట్టి మామూలు ట్యాంకుకి కూడా అదే మంచిదని ఇంకో వాదన ఉంది. రేణువు చిన్నదయ్యే కొద్దీ మొత్తం ఉపరితలం పెరుగుతుంది కాబట్టి ఆ లెక్కన ఇసుకే ముందుండాలి. కానీ ఇసుకలో నీళ్లు కదలవు, ఆక్సిజన్ పైపొర దాకానే అందుతుంది. అందుకని ఇదీ అదీ ఒకటే. మోటారు ఫిల్టర్ లోపలి స్పాంజి చేసే పని ముందు ఈ తేడా లెక్కలోకి రాదు.

ఏ ఇసుక?

ఇల్లు కట్టే చోట దొరికే ఏటి ఇసుక చక్కగా పనికొస్తుంది. గోదావరి, కృష్ణ ఇసుక నీళ్లలో దొర్లి దొర్లి వచ్చింది, అంచులు మరీ పదునుగా ఉండవు. రెండుసార్లు జల్లించండి: పెద్ద రాళ్లు పోవడానికి ఒకసారి, దుమ్ములాంటి సన్నది పోవడానికి సన్న జల్లెడతో ఇంకోసారి. తర్వాత బకెట్లో సగం దాకా వేసి, పైపు అడుక్కి పెట్టి, చేత్తో కలుపుతూ నీళ్లు తేటగా పొర్లేదాకా కడగాలి. ఓపిక పరీక్షించే పని ఇదే. సబ్బు, డిటర్జెంట్ ముట్టుకోవద్దు. మురుగు కలిసే మూసీ లాంటి చోట్ల ఇసుక ఎంత బాగున్నా వద్దు.

రోబో ఇసుక వద్దు. అది రాయిని మరపట్టించి చేసింది. రసాయనంగా హాని లేకపోయినా ముక్కలన్నీ కోసుగా ఉంటాయి, రాతిపొడి ఎంత కడిగినా వస్తూనే ఉంటుంది. సముద్రపు ఇసుకలో గవ్వ, ఆల్చిప్పల ముక్కలుంటాయి, అవి నీటి కాఠిన్యాన్ని పెంచుతాయి. భీమిలి వైపు నల్ల ఇసుక చూడముచ్చటగా ఉంటుంది కానీ అందులోని ఇనుప ఖనిజపు రేణువులు ఫిల్టర్ మోటారు అయస్కాంతానికి అతుక్కుంటాయి. ఆ దారిలోని ఎర్రమట్టి దిబ్బలు రక్షిత ప్రాంతం, అక్కడ చెయ్యి పెట్టొద్దు.

కడిగే ఓపిక లేకపోతే వాటర్ ప్లాంట్లకి ఫిల్టర్ మీడియా అమ్మే షాపులో సిలికా ఇసుక అడగండి. 16/30 మెష్ అంటే రేణువు సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీమీటర్లు, మనకి కావాల్సిన సైజే. మన గూడూరు, చిల్లకూరు ప్రాంతం ఈ సిలికా ఇసుకకి పేరున్నదే. సిలికా వేస్తే గాజు మీద గోధుమరంగు పాచి పడుతుందని భయపెడతారు. కానీ ఈ ఇసుక అంటే క్వార్ట్జ్, అది నీళ్లలో దాదాపు కరగదు. ఆ పాచి కొత్త ట్యాంకుల్లో అడుగుతో నిమిత్తం లేకుండా వస్తుంది, చాలా ట్యాంకుల్లో కొన్ని వారాలకి దానంతటదే పోతుంది.

ఏది కొన్నా ఒక పరీక్ష చేయండి. ఎండిన గుప్పెడు మీద వెనిగర్ చుక్కలు వేయండి. బుసబుసమని పొంగితే సున్నపు రాయి ఉన్నట్టే. తెల్ల మార్బుల్ చిప్స్ ఇలాంటివే. బోరు నీళ్లలో, గప్పీలు మోలీల ట్యాంకులో వాటితో నష్టం లేదు, ఆ చేపలకి కఠిన జలమే ఇష్టం. నియాన్ టెట్రాకి, డిస్కస్‌కి మాత్రం వద్దు.

విషవాయువు భయం

ఇసుక వద్దనేవాళ్ల ఆఖరి అస్త్రం ఇది. ఇసుక లోతుగా ఉంటే కింద ఆక్సిజన్ అందక, కుళ్లిన కోడిగుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. నిజమే, అది చేపలకి విషమే. కానీ అది పుట్టాలంటే లోతైన ఇసుకా, అందులో పూడుకుపోయిన మురికీ రెండూ కావాలి. 3, 4 సెంటీమీటర్ల ఇసుకలో ఆ పరిస్థితి అరుదు. పుట్టినా మెల్లగా పైకొచ్చేసరికి ఆక్సిజన్ ఉన్న నీళ్లలో చాలావరకు మారిపోతుంది. ఏళ్లుగా కదపని మందపాటి ఇసుకని ఒకేసారి తిరగేస్తే అప్పుడు ప్రమాదం. నీళ్లు మార్చేటప్పుడు ఒక పుల్లతో అక్కడక్కడా కదిపితే సరిపోతుంది. ట్రంపెట్ నత్తలు నాలుగు వేసినా ఇసుకలో దూరి అదే పని చేస్తాయి. కాకపోతే నాలుగు నాలుగొందలవుతాయి, అది మీ ఇష్టం.

మొక్కలకి రెండూ ఒకటే, రెంటిలోనూ పోషకాలు లేవు. అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకోరిన్ లాంటి వాటికి వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు గుచ్చాలి. జావా ఫెర్న్, అనుబియాస్‌ని పాతనే కూడదు, కర్రకో రాయికో కట్టాలి. రంగు విషయానికొస్తే తెల్ల అడుగు మీద చేపల రంగు వెలవెలబోతుంది, ముదురు గోధుమ మీద నిగనిగలాడుతుంది. చవక రంగురాళ్ల పూత మాత్రం నీళ్లలోకి ఊడొస్తుంది.

ఇప్పటికే గ్రావెల్ ఉండి ఇసుకకి మారాలనుకునేవాళ్లు రెండూ కలిపేయొద్దు. కొన్నాళ్లకి ఇసుక సందుల్లోంచి కిందకి జారి, రాళ్లు పైకి తేలి, రెండింటి ఇబ్బందులూ మిగులుతాయి. గ్రావెల్‌ని వారానికి మూడో వంతు చొప్పున, సైఫన్‌తో మడ్డి లాగేశాక తీయండి. ఒక్కరోజే అంతా తీస్తే కింది మురికంతా నీళ్లలో కలిసి అమ్మోనియా పెరుగుతుంది. ఈ వారాల్లో ఫిల్టర్ స్పాంజిని కడగొద్దు, బ్యాక్టీరియా ఇప్పుడు మిగిలేది అక్కడే. కడిగిన ఇసుకని వెడల్పాటి పీవీసీ పైపులోంచి అడుగుదాకా జారవిడిస్తే నీళ్లు పెద్దగా కలగవు. ఆ సమయంలో మోటారు ఆపేసి, నీళ్లు తేటపడ్డాకే వేయండి. నీళ్లు లాగే మూతికి స్పాంజి ముక్క తొడిగి, ఇసుక మట్టానికి కనీసం జానెడు పైన బిగించండి. ఒక్క రేణువు ఇంపెల్లర్లో, అంటే మోటారు లోపల నీళ్లని తోసే చిన్న రెక్కల చక్రంలో, చిక్కినా రాత్రంతా గరగర శబ్దమే.