జయనగర్ వీకెండ్ వర్క్‌షాప్: మొదటి రోజుకి వెళ్లండి, రెండో రోజు మీ ఇష్టం

బెంగళూరులో మేనేజ్‌మెంట్ పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్లు ఈ వర్క్‌షాప్ గురించి తెగ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ రీసెర్చ్‌లో స్ట్రాటజీ థియరీలు ఎలా వాడాలన్నది టాపిక్. ఫీజు తక్కువేం కాదు.

మొదటి రోజు మాత్రం డబ్బులు వసూలైనట్టే. కంపెనీకి పోటీలో నిలిచే ఆధిక్యం రావాలంటే దాని చేతిలోని వనరు విలువైనదై, అరుదైనదై, కాపీ కొట్టడానికి కష్టమై, ప్రత్యామ్నాయం లేనిదై ఉండాలని స్ట్రాటజీ ప్రొఫెసర్ బార్నీ 1991లో పెట్టిన షరతుల్ని ఆ రోజు క్లాస్ తీసుకున్న సార్ స్లైడ్ మీద చదివేసి వదిలెయ్యలేదు. బీటీఎం లేఅవుట్‌లో ఏదో ఆంధ్రా మెస్‌కి వెళ్లండి, కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, పనికొస్తుంది, కానీ పక్క మెస్‌లోనూ అదే ఉంటే దానివల్ల ఈయనకొచ్చిన ఆధిక్యం ఏంటి అని అడిగారు. అదే బిల్లింగ్ డేటా చూసుకుని సోమవారం గోంగూర ఎంత తెప్పించాలో తేల్చుకునే ఓనర్ సంగతి వేరు కదా! అక్కణ్ణించి నేరుగా 1995లో మాటా, ఫ్యూర్స్ట్, బార్నీ ఎంఐఎస్ క్వార్టర్లీ అనే రీసెర్చ్ జర్నల్లో రాసిన పేపర్‌కి వచ్చారు. పెట్టుబడి, సొంత టెక్నాలజీ, టెక్నికల్ స్కిల్స్ ఎక్కడ తేలిపోతాయో, ఐటీని నడిపే మేనేజర్ల నైపుణ్యమే చివరికి ఎందుకు నిలబడుతుందో బోర్డు మీద ఒక్కొక్కటే కొట్టేస్తూ చూపించారు.

రెండో రోజు వేరే ఆయన వచ్చారు, ఇక సాఫ్ట్‌వేర్‌లో క్లిక్కులే క్లిక్కులు. ఐటీ సామర్థ్యం ఎంతుందో, కంపెనీ పోటీదారుల కంటే ముందుందో లేదో, రెండూ ఒకే మేనేజర్ని ఒకే సర్వేలో అడిగేసి, మొదటిదే రెండోదానికి కారణమని బాణం గీసేయడమేనా? విలువైన వనరే లాభం తెస్తుందని చెప్పి, లాభం తెచ్చింది కాబట్టి విలువైనదంటే గుండ్రంగా తిరిగినట్టు కాదా అన్న గొడవ 2001లోనే ప్రీమ్, బట్లర్ లేవనెత్తారు. దాని గురించి అడిగితే "రివ్యూయర్ అడిగినప్పుడు చూద్దాం" అన్నారు, నాకు ఒళ్లు మండింది. భరద్వాజ్ 2000లో ఇలా మేనేజర్ల అభిప్రాయాలడిగే జోలికే పోకుండా, ఐటీలో ముందున్నాయని పేరున్న కంపెనీల లాభాల్నీ ఖర్చుల్నీ అలాంటివే వేరే కంపెనీలతో పోల్చి చూపించారు. ఆ పేపర్ వాళ్లిచ్చిన ఫైల్లోనే ఉంది, తెరిచిన పాపాన పోలేదు. టీస్ వాళ్ల డైనమిక్ కేపబిలిటీస్‌ని, అంటే పరిస్థితులు మారేకొద్దీ కంపెనీ తన వనరుల్ని మార్చుకోగలిగే సత్తా గురించిన థియరీని, లంచ్ ముందు హడావుడిగా లాగించేశారు.

భోజనం పర్లేదు, పార్కింగ్ మర్చిపోండి, మెట్రోలో వెళ్లండి. ఒక్క రోజు ఫీజే కడతామంటే కౌంటర్లో కాస్త గొణుగుతారు గానీ ఒప్పుకుంటారు, బ్రోచర్‌లో మాత్రం ఆ మాట ఉండదు.